కుడిచేతి బ్రేకు

పదకొండింటికి వస్తానని గీతాంజలి పొద్దున్నే ఫోను చేసింది. ఇప్పుడు పది దాటింది. సైకిలు స్టాండు మీద వేలాడుతోంది, కొత్త బ్రేకుల డబ్బా బల్ల మీద మూత కూడా తీయకుండా ఉంది, ఓబళప్ప మాత్రం పీట మీద కూర్చుని బోల్టులు విప్పే ఎలన్ కీని చేతిలో ఊరికే తిప్పుకుంటున్నాడు. గంట పని. చేయి తిరిగినవాడికి గంట కూడా అక్కర్లేదు. చక్రం విప్పాలి, చక్రం మధ్య ఉండే డిస్కును పట్టుకునే కాలిపర్ విప్పాలి, హ్యాండిల్ మీది లివర్ వదులు చేయాలి, ఆ రెండింటినీ కలిపే నల్ల గొట్టాన్ని ఫ్రేముకు కట్టి ఉంచిన ట్యాగులు కత్తిరించాలి, అంతే, పాత సెట్టు మొత్తం ఊడి చేతికొస్తుంది. కొత్తది అదే దారిన ఎక్కించాలి. బెంగుళూరు చివర కాడుగోడి స్టేషను పక్క ఈ అంగడిలో ఇలాంటివి ఎన్ని చేశాడో. అయినా లేవబుద్ధి కావడం లేదు. మోకాళ్ళ సంగతి కాదు, వాటి నొప్పితో ఎప్పుడో రాజీ కుదిరింది. ఇది నిద్ర లేచేసరికే ఒంట్లో పరుచుకుని ఉన్న అలసట, పన్నెండు రోజులుగా ఒక్క మాటను గొంతులో పెట్టుకుని అందరితో మామూలుగా మాట్లాడుతున్నందువల్ల వచ్చిన అలసట. బరువులు మోస్తే వచ్చేది పడుకుంటే పోతుంది. ఇది పడుకుంటే ఇంకా పెరుగుతోంది.

లేచాడు చివరికి. వెనక చక్రంతో మొదలుపెట్టాడు. మామూలుగా ముందుదే ముందు చేస్తాడు, చెయిను అడ్డం రాదు కాబట్టి, కానీ ఇవాళ ముందుదాని వైపు చూడాలంటేనే మనసు రావడం లేదు, వెనకది ఉంది కదా, ముందు వెనకది కానీ, అనుకున్నాడు, ఎవరికో సర్ది చెబుతున్నట్టు. చక్రం సందుల్లో ఎర్రమట్టి ఎండి గట్టిపడి ఉంది. హొసకోట దాటాక ఏదో గుట్ట మీది మట్టిబాటట, ఆదివారాలు పదిమంది కలిసి పోతారట, వారమంతా కుర్చీల్లో కూర్చుని ఆదివారం నాడు ప్రాణాల మీదికి తెచ్చుకునే ఆట అని ఓబళప్ప ఇదివరకు నవ్వేవాడు. ఇప్పుడు ఆ మట్టిని గోటితో గీకుతుంటే నవ్వు రావడం లేదు. ఆ గుట్ట దిగుడులో గీతాంజలి కుడిచేతి లివర్ పట్టుకుంది. ముందు చక్రానిది కుడిచేతిదే. పట్టుకుంటే లివర్ మెత్తగా పోయి హ్యాండిల్‌కు తగిలింది గానీ చక్రం ఆగలేదు. ఎడమది గుర్తొచ్చేలోపల బాట పక్క రాళ్ళు వచ్చేశాయి, కుడి మణికట్టు విరిగింది. ఇదంతా ఆమె నోటితో విన్నది కాదు. పన్నెండు రోజుల కింద సైకిలును తోసుకొచ్చిన ఆమె తమ్ముడు సుధీర్ చెప్పాడు, అదీ తాను నమ్మకుండా చెప్పాడు.

"బ్రేక్ పట్టుకున్నా, ఆగలేదు అంటుందన్నా. నేను నాలుగుసార్లు నొక్కి చూశా, బానే పట్టుకుంటోంది. ప్యానిక్ అయ్యుంటుంది. మా నాన్న బస్ డ్రైవరు కదా, బ్రేకు పట్టేది రానోళ్ళు బండెక్కకూడదు, అమ్మెయ్ అంటున్నాడు. రెండూ కొత్తవి వేసేయండి, కొనేవాళ్ళకి కాన్ఫిడెన్స్ ఉంటుంది."

నాలుగుసార్లు నొక్కి చూశాడట. నాలుగుసార్లు వెంట వెంటనే నొక్కితే చచ్చిన బ్రేకు కూడా ఒకసారి కన్ను తెరుస్తుంది, దిగుడులో ఉన్న మనిషికి నొక్కడానికి దొరికేది ఒక్కసారే. ఈ మాట ఓబళప్ప మనసులో అప్పుడే, అక్కడే నిలబడి అనుకున్నాడు. కానీ నోరు దాని దారిన అది పోయింది. "అవుతాదప్పా. భయంలో అట్లా అవుతాది," అంది. తల కూడా ఊపాడు. ముప్పై ఐదేళ్ళ అనుభవమున్న మెకానిక్కు తల ఊపితే దానికొక విలువ ఉంటుంది, ఆ విలువనంతా తీసుకెళ్ళి ఆ పిల్ల మీద పెట్టాడు. మెకానిక్ కూడా అదే అన్నాడక్కా అని ఆ తమ్ముడు ఇంటికెళ్ళి చెప్పే ఉంటాడు, ఊళ్ళో ఉన్న డ్రైవరు తండ్రికి ఫోనులో చెప్పే ఉంటాడు, ఆ తండ్రి నేను చెప్పలా అని ఉంటాడు. తన చేయి తాను విరగ్గొట్టుకున్నానని ఆ పిల్ల కూడా ఈపాటికి ఒప్పుకునే ఉంటుంది. నలుగురూ ఒకే మాటంటే ఎవరైనా ఎన్నాళ్ళని కాదంటారు.

వెనక కాలిపర్ బోల్టులు రెండూ తేలిగ్గానే కదిలాయి. తనే బిగించినవి, ఎంత బిగించాలో అంతే బిగించినవి. బిగించడంలో ఏనాడూ తప్పు పోలేదు. ట్యాగులు ఒక్కొక్కటీ కత్తిరిస్తుంటే టప్ టప్‌మంటూ కిందపడుతున్నాయి. స్టేషనులోకి ఏదో గూడ్సు వచ్చినట్టుంది, గోడ సన్నగా అదురుతోంది, మేకులకు తగిలించిన స్పానర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఈ గూడ్సు చప్పుడుకు గీతాంజలి మొదటిసారి వచ్చినప్పుడు ఉలిక్కిపడింది. రెండేళ్ళ కింద. సైకిలు కొన్న వారానికే వచ్చింది, అందరిలా ఫోను చూసుకుంటూ నిలబడకుండా తిరగేసిన డబ్బా మీద కూర్చుని అతని చేతులనే చూస్తూ, ఇదేంటి అంకుల్, ఇది తీస్తే ఏమవుతుంది అంకుల్ అని ప్రాణం తీసింది. కదిరి నుంచి వచ్చానని, మహదేవపురలో పని అని, నాన్న ముప్పై ఏళ్ళుగా బస్సు తోలుతున్నాడని, ఒక్క కోడిపిల్లను కూడా గుద్దలేదని గొప్పగా చెప్పింది. డ్రైవరు కూతురివా, అయితే నీకు చెప్తే అర్థమవుతాది అని ఆ రోజు లివర్ లోపల నూనె ఎలా నడుస్తుందో, వేలితో నొక్కిన బలం గొట్టం వెంబడి పోయి చక్రాన్ని ఎలా పట్టుకుంటుందో కూర్చోబెట్టి చెప్పాడు. ఆమెకు చెబుతుంటే అతనికీ బాగా అర్థమైంది. స్కూటర్లు బాగు చేస్తూ యాభై దాటాక, స్కూటర్లన్నీ కరెంటు బండ్లయిపోయి పని తగ్గాక, సైకిళ్ళ కోసం మళ్ళీ అ ఆ ల నుంచి మొదలుపెట్టినవాడు; తెలియనిది అడిగేవాళ్ళంటే అతనికి ఇష్టం. తాను మాత్రం ఎవరినీ అడగడు. అదే వచ్చిన చిక్కు.

వెనక చక్రానికి కొత్త కాలిపర్ పెట్టి, బోల్టులు సగం బిగించి, లివర్ ఒకసారి గట్టిగా నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే మిగతా సగం బిగించాడు. డిస్కు మధ్యలోనే తిరుగుతోంది, ఎటూ రాసుకోవడం లేదు. వెనకది అయిపోయింది. ఇంత తొందరగా అవుతుందనుకోలేదు. ఇక ముందుదే మిగిలింది. గడియారం చూశాడు, పదీ ఇరవై ఐదు.

దసరా ఆయుధ పూజకు భార్య మునిలక్ష్మి ప్రతి ఏడూ అంగడంతా కడుగుతుంది. పెళ్ళయి వచ్చిన ఏడు నుంచీ అంతే. అంగడి వెనకే ఇల్లు, ఇంటికెంత చేస్తుందో అంగడికీ అంతే చేస్తుంది. స్పానర్లు, సుత్తులు, పంపు, పాత సైకిలు బెల్లులు, అన్నీ బయటకు తెచ్చి సబ్బు నీళ్ళలో వేసి, తోమి, ఆరబెట్టి, వరసగా పేర్చి, విభూతి పట్టెలు తీర్చి కుంకుమ పెడుతుంది. ఈసారి నూనె సీసాలు కూడా కడిగింది. నీళ్ళలో నానేసరికి వాటి మీది కాగితాలు ఊడిపోయాయి. రెండు సీసాలు ఒకే ఎత్తు, లోపలివి రెండూ ఒకే లేత పసుపు. ఒకటి స్కూటర్ల బ్రేకుల్లో పోసేది, ఇంకోటి సైకిళ్ళ బ్రేకుల్లో పోసేది. పేరుకు రెండూ బ్రేకు ఆయిళ్ళే గానీ ఒకటి ఉండాల్సిన చోట రెండోది ఉండకూడదు. స్కూటరుది సైకిల్లో పోస్తే లోపలి రబ్బరు వాషర్లు వారం పది రోజుల్లో ఉబ్బి, మెత్తబడి, నూనెను నొక్కే పట్టు పోగొట్టుకుంటాయి. ఇది ఓబళప్పకు తెలియనిది కాదు, పదిమందికి తానే చెప్పాడు. పూజ అయిన మరుసటి శనివారం గీతాంజలి వచ్చింది, ముందు బ్రేకు కొంచెం మెత్తగా ఉందని. పాత నూనె తీసి కొత్తది పోస్తే సరిపోయే పని. రెండు సీసాల మూతలూ తీసి, ఆమె చూస్తుండగా, ఎప్పటిలాగే ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా రాలేదు.

నాలుగేళ్ళుగా రావడం లేదు. కరోనా జ్వరం తగ్గాక అందరికీ తిరిగొచ్చింది, అతనికి రాలేదు. మొదట్లో వస్తుందిలే అనుకున్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా, సీసాల మీది కాగితాలు చూసుకుంటూ అలవాటు పడ్డాడు. కుర్రతనంలో శివాజీనగర్‌లో రియాజ్ సాబ్ గ్యారేజీలో పని నేర్చుకునేటప్పుడు కళ్ళకు గుడ్డ కట్టి అయిదు మూతల్లో అయిదు నూనెలు పోసి ముక్కు కింద పెట్టేవాడాయన, గేరుబాక్సుది, ఫోర్కుది, బ్రేకుది, ఇంజనుది, వాడిన ఇంజనుది. మిగతావాళ్ళు రెండు మూడు చెప్పి ఆగిపోయేవాళ్ళు, ఓబళప్ప అయిదుకు అయిదూ చెప్పేవాడు, అప్పటి నుంచి ఆ వీధి అతన్ని వాసన ఓబళప్ప అంది. బండి వచ్చి అంగడి ముందు ఆగగానే, దిగేవాడు నోరు తెరవక ముందే, క్లచ్చి కాలిందా అప్పా అని అడిగేవాడు. అలాంటి ముక్కు. అది పోయిందని ఎలా చెబుతారు, ఎవరితో చెబుతారు. మొన్న పొద్దున పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే పాలు మాడి నల్లబడ్డాయి, పక్కనే ఉండావు కదా తెలీలేదా అని మునిలక్ష్మి గిన్నె చూపిస్తే, పేపర్లో పడిపోయినా అన్నాడు. రోజూ పళ్ళెంలో ఏం పెట్టినా బాగుండాది అంటాడు. ఆ శనివారం కూడా అంతే. వంటింట్లోకి ఒక్క కేక వేసి ఏది ఏదని అడిగి ఉంటే అయిపోయేది. గీతాంజలి ముందు అడగడమా. వాసన ఓబళప్ప సీసా పట్టుకుని పెళ్ళాన్ని అడగడమా. ఎడమవైపుది ఎప్పుడూ సైకిళ్ళదే కదా అనుకుని ఎడమవైపుది తీసి పోశాడు. పోసి, చక్రం తిప్పి, లివర్ నొక్కి ఆపి చూపించి, "ఇంక ధైర్యంగా పట్టుకోమ్మా, ఒక్క వేలితో ఆగుతాది," అన్నాడు. ఆ మాట మీదే ఆమె ఆ దిగుడు దిగింది.

ముందు చక్రం ఊడదీశాడు. ఫోర్కుకు ఉన్న కాలిపర్ విప్పి, లివర్ కూడా వదులు చేసి, సెట్టంతా చేతిలోకి తీసుకున్నాడు. కొబ్బరికాయంత బరువు కూడా లేదు. బల్ల మీద పెట్టి కాలిపర్ విప్పితే పిస్టన్ రాలేదు, ఇరుక్కుపోయి ఉంది. సన్నటి ఊచతో పొడిచి బయటకు తీస్తే దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు వాషరు గాడిలో నుంచి పైకి పొంగి ఉంది. గోటితో నొక్కితే గోరు దిగింది. తెలిసిపోయింది. అయినా మనసు ఒక పట్టాన ఒప్పుకోదు కదా, సరుకే నాసిరకమేమో, ఎండకేమో అని ఇంకా ఏవేవో సందులు వెతుకుతూనే ఉంది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పట్టుకొచ్చాడు. వెనక బ్రేకు నుంచి తీసిన పాత నూనె రెండు చుక్కలు ఒక గ్లాసులో వేశాడు. నీళ్ళ మీద గుండ్రంగా తేలింది, అది సైకిలు తయారైనప్పుడు కంపెనీలో పోసి పంపిన నూనె. ముందుదాన్నుంచి రెండు చుక్కలు రెండో గ్లాసులో వేశాడు. కాసేపు దారాల్లా కిందికి దిగి, నీళ్ళలో కలిసిపోయింది. స్కూటరుదే నీళ్ళలో కలుస్తుంది. ముక్కు లేకపోయినా గ్లాసుడు నీళ్ళుంటే చాలన్నమాట, ఆ శనివారం కూడా కుళాయిలో నీళ్ళున్నాయి.

కాఫీ లోటా పట్టుకుని మునిలక్ష్మి పరదా తప్పించుకుని వచ్చింది. బల్ల మీది గ్లాసులు చూసింది, విప్పేసిన ముక్కలు చూసింది, అతని మొహం చూసింది.

"ఏమైంది? అట్లుండావే."

అతను అరలో ఉన్న రెండు సీసాలూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. విభూతి చాలావరకు రాలిపోయింది, కుంకుమ మాత్రం ఇంకా ఉంది.

"వీటిల్లో సైకిళ్ళది ఏది?"

"రెండు బొట్లది," అంది ఆమె వెంటనే. "కాగితాలు ఊడిపోయె కదా, కలిసిపోతాయని నేనే పెట్టింటి. స్కూటర్లకు ఒక బొట్టు, సైకిళ్ళకు రెండు. నీకేం, వాసన చూసే చెప్తావని నీకు చెప్పలేదు. ఎందుకు?"

ఓబళప్ప ఎడమవైపు సీసా తిప్పి చూశాడు. ఒకటే బొట్టు. నెల రోజులుగా రోజూ చూస్తున్నాడు ఆ బొట్టును, పూజ బొట్టే కదా అనుకుని. పీట మీద కూర్చుండిపోయాడు.

"నాకు వాసన తెలిసేది లేదు మునీ. ఆ జ్వరంలో పోయినాది. మళ్ళా రానేలేదు."

ఆమె లోటా బల్ల మీద పెట్టింది. గూడ్సు వెళ్ళిపోయింది, బయట ఎవరో పూల బండివాడు అరుస్తున్నాడు.

"మరి నేను కాచే సారు బాగుండాదని దినామూ చెప్తాండావే," అంది చివరికి.

"ఉప్పు తెలుస్తాది," అన్నాడు అతను.

ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు, కోపం కూడా పడలేదు, కొంగుతో గ్లాసుల చుట్టూ పడిన నీళ్ళు తుడిచి లోపలికి పోయింది. పరదా అవతల ఆమె అడుగుల చప్పుడు వంటింటి దాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయింది. అక్కడే నిలబడి ఉన్నట్టుంది. నాలుగేళ్ళు తాను ఇంత కష్టపడి దాచినది రెండు మాటల్లో అయిపోయింది, అయిపోయాక చూస్తే అది పెద్ద విషయమేమీ కాదు. దాచడానికి పట్టిన శ్రమే పెద్దది. ఇంత శ్రమ పడి ఏం మిగుల్చుకున్నాడు, ఒక పాత పేరు. దానికి ఆ పిల్ల చేయి బలైంది.

కొత్త సెట్టు డబ్బాలోంచి తీశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, గొట్టాన్ని ఫోర్కు వెంబడి పంపాయి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి గొట్టం లాగుకుపోకుండా ఎంత వదులు ఉండాలో చూశాయి, ట్యాగులు వేసి కొసలు కత్తిరించాయి, డిస్కును స్పిరిటుతో తుడిచాయి. చేతులు ఎప్పుడూ అలసిపోవు, వాటికి మాటలు రావు కాబట్టి. మాటలొచ్చిన మనసు మాత్రం ఇంకా బేరమాడుతూనే ఉంది. ఎందుకు చెప్పాలి. సైకిలు ఎలాగూ అమ్మేస్తున్నారు. పాత సెట్టు పాత సామాన్లు కొనే గుజరీవాడి సంచిలోకి పోతుంది, దానితో పాటే అంతా పోతుంది. చేయి అతుక్కుంటుంది, వయసులో ఉన్న ఎముక. ఆఫీసుకు పోతుంది, వస్తుంది, పెళ్ళి చేసుకుంటుంది, సైకిలు సంగతి మర్చిపోతుంది. మర్చిపోతుందా. అరవై దగ్గర పడుతున్న తనకే, పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకడు నీ చేతికి పని రాదు అన్న మాట ఇప్పటికీ గుర్తుంది, వాడి పేరు గుర్తులేదు. ఇది ఇంకా అన్యాయం. ఆమె చేయి చేయాల్సింది చేసింది. చేసిన చేతినే అందరూ తప్పు పట్టారు, అది విరిగి కట్టులో ఉండగా. తప్పు చేసిన చేయి ఇక్కడ నిక్షేపంగా బోల్టు బిగిస్తోంది.

లివర్ నొక్కి పట్టుకుని, కాలిపర్ బోల్టులు పూర్తిగా బిగించాడు. చక్రం తిప్పి వదిలాడు. ఒక్క వేలితో లివర్ తాకాడు. ఆగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. పది సార్లు తిప్పాడు, ఇరవై సార్లు తిప్పాడు, ఆగుతూనే ఉంది, అయినా నమ్మకం కుదరక తిప్పుతూనే ఉన్నాడు, ఆటో వచ్చి అంగడి ముందు ఆగేదాకా.

గీతాంజలి దిగింది. కుడిచేయి మోచేతి దాకా కట్టు, మెడలోంచి వేలాడే గుడ్డలో ఉంది, వేళ్ళు మాత్రం బయటకు కనిపిస్తున్నాయి. చిక్కిపోయింది. ఎప్పుడూ వచ్చీ రాగానే సైకిలు మీద చేయి వేసేది, ఇవాళ గడప దగ్గరే నిలబడి దూరం నుంచి చూస్తోంది.

"అయిపోయిందా అంకుల్?"

"అయిపోయినాదమ్మా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. "సాయంత్రం చూడ్డానికొస్తామన్నారు ఎవరో. ఫోటో చూసి నచ్చిందంట. ఫస్ట్ నాకు అమ్మాలనిపించలేదు. ఇప్పుడు నాకే డౌట్. నిజంగా పట్టుకున్నానా, పట్టుకున్నానని అనుకున్నానా అని." కాసేపాగి, అతని వైపు చూడకుండా అంది, "మీరు కూడా అదే అన్నారంట కదా. భయంలో అట్లా అవుతుందని."

ఇక ఆ మాట చెప్పాల్సిందే. ఎలా మొదలుపెట్టాలో పొద్దున్నుంచి అనుకున్నవేవీ గుర్తు రాలేదు.

"అన్నాను. అది అబద్ధమమ్మా," అన్నాడు ఓబళప్ప. "ఆ శనివారం నీ ముందు బ్రేకులో నేను స్కూటర్ల ఆయిలు పోసినా. సీసాలు తారుమారైనాయి. నాకు వాసన తెలీదు, అడిగేదానికి సిగ్గుపడి అందాజుగా పోసేసినా. దాంతో లోపల వాషర్లు ఉబ్బిపోయినాయి. ఇదో చూడు." ఉబ్బిన వాషరు అరచేతిలో పెట్టి చూపించాడు. "నువ్వు పట్టినావు. అది ఆగలేదు."

ఆమె వాషరు చూసింది. ముట్టుకోలేదు. అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండు, వీధిలో వాళ్ళు పోగైనా బాగుండు అనుకున్నాడు. ఆమె తన కట్టులోంచి బయటికున్న వేళ్ళ వైపు చూసుకుంటూ ఉండిపోయింది. వాటిని మెల్లగా, నొప్పికి మొహం చిట్లిస్తూ, లోపలికి వంచింది.

"పట్టుకున్నా," అంది. "గట్టిగా పట్టుకున్నా అంకుల్."

"పట్టినావు తల్లీ."

కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి ఆమెకు, కానీ మొహంలో ఉన్నది ఏడుపు కాదు, ఎన్నాళ్ళ తర్వాతో ఊపిరి అందినట్టుంది. ఓబళప్పకు అది చూడటం తిట్లు తినడం కంటే కష్టంగా ఉంది. అంతలోనే ఆమె తలెత్తింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఖాయంగా ఇప్పుడే." ఆగాడు. అక్కడితో ఆపేయొచ్చు. "అనుమానం మీ తమ్ముడు వచ్చిన పొద్దే."

"పన్నెండు రోజులు," అంది గీతాంజలి. గొంతు పెంచలేదు. "ఒక్క ఫోన్ చేసుండొచ్చు కదా."

"చేసుండొచ్చు," అన్నాడు.

ఆమె ఎడమచేత్తో ఫోను తీసింది. ఎడమచేతి బొటనవేలికి అలవాటు లేక నెమ్మదిగా, ఒకసారి తప్పు నొక్కి మళ్ళీ నొక్కింది. ఫోను మోగుతుండగా అతని ముందుకు చాచింది.

"మా నాన్న. నేను చెప్తే నమ్మడు. ఇప్పుడు నాకెట్లా చెప్పారో ఆయనకీ అట్లాగే చెప్పండి."

ఓబళప్ప రెండు చేతులూ మట్టి, గ్రీజు. తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూశాడు, ఆమె ఆగలేదు, ఫోను తనే అతని నోటి దగ్గర పట్టుకుంది. అవతల ఎత్తారు. ఏదో టీవీ మోగుతోంది, దాని మీదుగా ఒక బొంగురు గొంతు, "ఏం పాపా, అమ్మేసినావా?" అంది.

"నమస్కారమప్పా. నేను కాడుగోడి సైకిలు మెకానిక్కును, ఓబళప్ప," అన్నాడు. "మీ పాప బ్రేకు సరిగ్గానే పట్టినాది. తప్పు నాది."

అవతల టీవీ ఆగిపోయింది. గీతాంజలి ఫోను అలాగే పట్టుకుని ఉంది. ఓబళప్ప ఈసారి కాస్త గట్టిగా, అదే మాట మళ్ళీ చెప్పాడు.